అలారం మోగితే తలుపు తీసేదెవరు?

అమెరికా నంబర్ నుంచి వాట్సాప్ కాల్ వచ్చిందంటే ఎత్తకముందే సంగతి తెలిసిపోతుంది. "అన్నా, అమ్మావాళ్ల ఇంట్ల కెమెరాలు పెట్టియ్యాలె, ఏ కంపెనీ మంచిది?" నేను హన్మకొండలో సీసీ కెమెరాలు, ఇన్వర్టర్లు, వైఫై బిగించే పని చేస్తాను. ఒకప్పుడు నా గిరాకీ అంతా షాపులు, ఫంక్షన్ హాళ్లు, అపార్ట్‌మెంట్లు. కరోనా తర్వాత లెక్క మారింది. సుబేదారి, నయీంనగర్, విద్యానగర్, కాజీపేట, ఎటు పోయినా ఒకటే రకం ఇల్లు: పైన పోర్షన్ కిరాయికి, కింద ఇద్దరు పెద్దవాళ్లు, హాల్లో గోడ మీద మనవడి గ్రాడ్యుయేషన్ ఫొటో. రిటైరైన టీచర్లు, రైల్వేలో చేసినవాళ్లు, సింగరేణిలో దిగిపోయి ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లు. పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో, దగ్గర అంటే హైదరాబాద్‌లోనో ఉంటారు.

వాళ్ల టెన్షన్ నిజమైనదే, కాదనను. తండ్రికి షుగర్, తల్లికి బీపీ, మోకాళ్లు రెండూ పోయినయి, రాత్రి బాత్రూంకు లేస్తే ఏమవుతుందో అని అక్కడ నిద్ర పట్టదు. దానికి అమెజాన్‌లో దొరికే ప్రతి డబ్బా మందులాగే కనిపిస్తుంది. కెమెరా, స్మార్ట్ వాచ్, స్మార్ట్ స్పీకర్, బ్లూటూత్ బీపీ మిషన్, చెయ్యికి అతికించే షుగర్ సెన్సార్, అన్నీ కార్ట్‌లో వేసి స్క్రీన్‌షాట్ నాకు పంపిస్తారు. నేను రేటు చెప్పేముందు ఒక్కటే అడుగుతాను. అలారం మోగినప్పుడు పది నిమిషాల్లో ఆ ఇంటికి రాగలిగే మనిషి ఎవరు, ఇంటి తాళంచెవి ఒకటి ఆ మనిషి దగ్గర ఉందా? చాలామంది దగ్గర జవాబు ఉండదు. "మా బాబాయి ఉన్నడు గద, పరకాలలో" అంటారు. పరకాల నుంచి బాబాయి బండి తీసి వచ్చేసరికి ఎంతసేపు పడుతుందో వాళ్లే లెక్కేసుకోవాలి.

ముందు కెమెరా సంగతి తేల్చేద్దాం, అందరూ మొదట అడిగేది అదే కాబట్టి. గేటు దగ్గర ఒకటి పెట్టుకోండి, మంచిదే. హాల్లో పెట్టాలంటే పెద్దవాళ్లను అడిగి పెట్టండి. బెడ్‌రూంలో నేను పెట్టను, ఎంతిచ్చినా పెట్టను. ఒక ఇంట్లో కొడుకు పట్టుబట్టి హాలుకు, వంటింటికి రెండింటికీ పెట్టించాడు. తర్వాత ఇన్వర్టర్‌లో నీళ్లు పొయ్యడానికి పోతే వంటింటి కెమెరా మీద గిన్నె తుడిచే గుడ్డ వేలాడుతున్నది. పెద్దమ్మను అడిగితే, "నా ఇంట్ల నేను కొంగు సర్దుకుంటనే తిరగాల్నా బిడ్డా?" అన్నది. నేను ఆ గుడ్డను ముట్టుకోలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. కెమెరా పడిపోయిన మనిషిని చూపిస్తుంది, అదీ అటువైపు ఎవరో ఒకరు చూస్తుంటే. పడకుండా ఆపేది అది కాదు. మనిషి కింద పడితే గుర్తుపడుతుందని చెప్పి అమ్మే కెమెరాలు కూడా వచ్చాయి గానీ, నేల మీద చాప వేసుకుని పడుకునే అలవాటున్న ఇళ్లలో అవి చేసే గోల చెప్పనలవి కాదు.

టైమ్ లెక్క ఒకటి చాలామందికి తట్టదు. ఎండాకాలంలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది, చలికాలంలో పదకొండున్నర. అంటే ఇక్కడ రాత్రి రెండు గంటలకు అలర్ట్ వస్తే అక్కడ మధ్యాహ్నం, కొడుకు ఆఫీసులో మెలకువగానే ఉంటాడు. ఇక్కడ మధ్యాహ్నం రెండు గంటలకు ఏదైనా అయితే అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది, ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. కాబట్టి నేను సెట్ చేసేటప్పుడు రాత్రి అలర్టులు అమెరికాకు, పగటి అలర్టులు ఇక్కడున్న మనిషికి మొదట వెళ్లేటట్టు చెప్తాను. రాత్రి అక్కడి నుంచి కొడుకు పక్కింటాయనకు ఫోన్ చేసి లేపుతాడు, పగలు పైపోర్షన్ ఆమె నేరుగా కిందికి దిగుతుంది. ఇంత చిన్న ఏర్పాటు కూడా చెయ్యకుండా నలుగురు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే యాప్ పెట్టుకుని, నువ్వు చూశావనుకున్నానని ఒకరి మీద ఒకరు నెట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు నాకు నిజంగా పనికొస్తుందనిపించే వస్తువు: బీపీ మిషన్. మణికట్టుకు కట్టేది వద్దు, జబ్బకు చుట్టేదే కొనండి. వాడే పద్ధతి మాత్రం పది ఇళ్లలో తొమ్మిదింట్లో తప్పే. చొక్కా చెయ్యి మీదనే కఫ్, అంటే గాలి నిండే పట్టీ, చుట్టేస్తారు, లేకపోతే చొక్కా చెయ్యిని బిగుతుగా పైకి మడిచి దాని కింద చుడతారు, అది ఇంకా అధ్వాన్నం. సోఫాలో కాలు మీద కాలేసుకుని, పక్కన టీవీలో సీరియల్ నడుస్తుంటే, మధ్యలో పనామెతో మాట్లాడుతూ చూసుకుంటారు. పద్ధతి ఏమిటంటే, చాయ్ తాగి గానీ మెట్లెక్కి గానీ అరగంట అయ్యుండాలి, మూత్రం ఆపుకుని ఉండకూడదు, కుర్చీకి వీపు ఆనించి, రెండు పాదాలు నేల మీద పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో టేబుల్ మీద ఉండాలి. మిషన్ నడుస్తున్నంతసేపు నోరు మూసుకోవాలి. ఒక నిమిషం ఆగి రెండోసారి చూడాలి, చాలామందికి మొదటిది కొంచెం ఎక్కువే వస్తుంది. కఫ్ సైజు కూడా చూడండి, మామూలు కఫ్ 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికి, ఆ సంగతి దాని మీదే రాసి ఉంటుంది. లావు చేతికి చిన్న కఫ్ చుడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది.

ఇంట్లో చూసుకునే బీపీకి గీత వేరు. దవాఖానలో 140/90 అయితే ఎక్కువ అంటారు, ఇంట్లో ఆ ఎక్కువ 135/85 దగ్గరే మొదలవుతుంది, ఎందుకంటే డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు చాలామందికి కొంచెం పెరుగుతుంది. అలాగని ఒక్క రీడింగ్ చూసి ఆగమాగం కావద్దు. ఒక ఇంట్లో తల్లి బీపీ ఒకసారి 168 కనపడగానే డల్లాస్ నుంచి ఆమెకు, ఆమె ఎత్తకపోతే నాకు, నేను ఎత్తకపోతే పైపోర్షన్ వాళ్లకు ఫోన్లు. ఆమె అప్పుడే బియ్యం బస్తా జరిపి వచ్చి చూసుకుంది, అంతే. ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. అదే 180/120 దాటి, దానితోపాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు, ఒక చెయ్యి లేవకపోవడం ఇలాంటివి ఏవైనా ఉంటే మళ్లీ చూడటం, గ్రూపులో పెట్టడం లాంటివేమీ వద్దు, వెంటనే 108కి కొట్టండి. మూతి వంకర, మాట తడబాటు, చెయ్యి పడిపోవడం ఉంటే బీపీ ఎంతున్నా సరే 108కే.

బ్లూటూత్ ఉన్న మిషన్ అవసరమా అని అడుగుతారు. ఒక సార్ ఇంట్లో దాని వల్ల జరిగిన తమాషా చెప్తాను. ఆయన హైస్కూల్ హెడ్‌మాస్టర్‌గా రిటైరయ్యారు. రోజూ పొద్దున బీపీ చూసుకుని మిషన్ ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేవారు. ఎప్పుడూ 124, 126, 122. కూతురు సంతోషం. పాత మిషన్ పాడైతే బ్లూటూత్ ఉన్నది తెప్పించి నన్ను పెట్టమంది. పెట్టాక యాప్‌లో చూస్తే రోజుకు నాలుగైదు రీడింగులు వరుసగా ఉంటున్నాయి, 158, 151, 144, చివరికి 128. సార్ తక్కువ వచ్చేదాకా చూసుకుని చివరిదే ఫొటో పెట్టేవారన్నమాట. "ఎక్కువున్నది పెడితే బిడ్డ పరేషాన్ అయితది, తక్కువ వచ్చిందే పెట్టిన, అది అబద్ధమెట్లయితది?" అని నన్నే అడిగారు. హెడ్‌మాస్టర్‌తో వాదన పెట్టుకునేంత చదువు నాకు లేదు. డాక్టర్ మాత్రం ఆ వరుస చూసి మందు మార్చాడు.

కానీ బ్లూటూత్ లేకపోయినా పర్లేదు. నోటుబుక్కు, పెన్ను చాలు. డాక్టర్ దగ్గరికి పోయేముందు ఏడు రోజులు, పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి రాసుకోండి. మొదటి రోజుది పక్కన పెట్టి మిగతావాటి సగటు తీసి ఆ ఒక్క కాగితం ఇవ్వండి. యాప్ తెరిచి మూడు నెలల గ్రాఫ్ చూపిస్తే, బయట అరవై మంది పేషెంట్లు కూర్చున్న ఓపీలో ఏ డాక్టరూ వేలితో జరుపుతూ చూడడు.

ఇంకొక్క పని ఆ మిషన్‌తోనే అవుతుంది, ఎవరూ చెయ్యరు. కూర్చుని ఒకసారి చూసి, లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పక్కన ఒక మనిషి ఉన్నప్పుడే చెయ్యండి. నిలబడగానే పైనంబర్ 20 గానీ కిందినంబర్ 10 గానీ పడిపోతే అది డాక్టర్‌కు చెప్పాల్సిన విషయం. బీపీ మాత్రలు, ప్రొస్టేట్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లలో ఇది ఉంటుంది. రాత్రి లేచి నాలుగడుగులు వేయగానే కళ్లు తిరిగి పడేది ఇట్లాంటివాళ్లే. ఆరువేల కెమెరా చెప్పలేనిది రెండువేల మిషన్ ముందే చెప్తుంది.

షుగర్ దగ్గరికి వస్తే, వేలు గుచ్చి చూసుకునే గ్లూకోమీటర్ మామూలు పనికి సరిపోతుంది. చేతులు కడుక్కుని, తుడుచుకుని గుచ్చుకోవాలి, మామిడిపండు తిన్న వేలితో చూస్తే మామిడిపండు షుగర్ కూడా కలిసి వస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మీద తేదీ చూడండి. మిషన్‌కూ ల్యాబ్‌కూ ఒక పదిహేను శాతం తేడా ఉండటం ఆ వస్తువు ప్రమాణం లోపలే, దానికి మిషన్ కంపెనీని తిట్టాల్సిన పనిలేదు. చెయ్యి వెనక అతికించే సెన్సార్ ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు, ముఖ్యంగా రాత్రిపూట షుగర్ పడిపోయేవాళ్లకు బాగా ఉపయోగం, డాక్టర్ చెప్తే పెట్టించుకోండి. ఒక్కోటి రెండు వారాలకు అటూ ఇటూగా వస్తుంది, ఖర్చు వేలల్లో. రెండు విషయాలు తెలుసుకుని పెట్టుకోండి. అది రక్తంలోది కాదు, చర్మం కింద ఉండే ద్రవంలో షుగర్ కొలుస్తుంది, అందుకని షుగర్ వేగంగా పెరిగేటప్పుడు, పడేటప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. చెమటలు పట్టి, చేతులు వణుకుతుంటే ఫోన్‌లో నంబర్ బాగానే ఉంది కదా అని కూర్చోవద్దు, వేలు గుచ్చి చూడండి, 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి, పావుగంటకు మళ్లీ చూడండి. చూసే వీలు లేకపోతే ముందు చక్కెర, తర్వాత మిషన్. మనిషికి స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యొద్దు, 108. రెండో విషయం, ఆ సెన్సార్ మాట్లాడేది పక్కనున్న ఫోన్‌తో. పెద్దాయన ఫోన్ హాల్లో ఛార్జింగ్ పెట్టి లోపల గదిలో పడుకుంటే అలారం రాకపోవచ్చు, డల్లాస్‌కు అసలే పోదు.

కరోనాలో కొన్న ఆక్సీమీటర్ ప్రతి ఇంట్లో డ్రాయర్‌లో ఉంది. గోళ్లకు రంగు ఉన్నా, వేళ్లు చల్లబడి ఉన్నా తప్పు చూపిస్తుంది. ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లలో ఆక్సిజన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని అమెరికా ఆస్పత్రుల లెక్కలతో 2020లో ఒక అధ్యయనం వచ్చింది. మనవాళ్లందరూ అది గుర్తుపెట్టుకోవాలి. నంబర్ బాగుందని ఆయాసపడే మనిషిని ఇంట్లో ఉంచుకోవద్దు.

స్మార్ట్ వాచ్ గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. ఆపిల్ వాచ్‌లో 2018 నుంచి పడిపోతే గుర్తుపట్టే ఏర్పాటు ఉంది, గట్టిగా పడి కదలకుండా ఒక నిమిషం ఉంటే అదే ఎమర్జెన్సీకి ఫోన్ చేస్తుంది, బాగానే కనిపెట్టారు. కానీ దానికి ఐఫోన్ కావాలి, రోజూ ఛార్జింగ్ పెట్టాలి, స్నానానికి పోయేటప్పుడు మనవాళ్లు వాచ్ తీసి బీరువా మీద పెట్టి పోతారు. పెద్దవాళ్లు జారేదేమో బాత్రూంలో. ఇక ఆ ఈసీజీ. వాచ్ తీసే ఈసీజీ గుండె లయ తప్పితే చెప్పగలదు, గుండెపోటును గుర్తుపట్టలేదు, కంపెనీ కూడా అదే చెప్తుంది. ఛాతీ నొప్పి వచ్చినప్పుడు వాచ్ మీద వేలు పెట్టి కూర్చునేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

పడిపోవడానికి నా మందు చాలా చౌక. మంచం నుంచి బాత్రూం దాకా మనిషి కదిలితే వెలిగే సెన్సార్ బల్బులు, కొన్ని వందల రూపాయల పని, యాప్ లేదు, పాస్‌వర్డ్ లేదు. కమోడ్ పక్కన పట్టుకుని లేవడానికి స్టీలు పట్టీ, గోడకు మంచి ఫిషర్లు (స్క్రూ పట్టుకునే ప్లాస్టిక్ గొట్టాలు) వేసి బిగించాలి, ఉత్త టైల్‌కు అంటిస్తే మనిషితో పాటు అదీ ఊడొస్తుంది. లోపల గొళ్లెం తీసేసి బయటినుంచి కూడా తెరుచుకునే లాక్ పెట్టండి, ఎందుకంటే మనిషి తలుపుకు అడ్డంగా లోపల పడితే గొళ్లెం విరగ్గొట్టడానికే పావుగంట. ఆపైన నేను ఈమధ్య ఎక్కువగా పెడుతున్నది వైర్‌లెస్ కాలింగ్ బెల్. గేటుకు పెట్టుకునే మామూలు బెల్లే. దాని బటన్ బాత్రూంలో నేల నుంచి జానెడు ఎత్తులో, నీళ్లు తగలని గోడకు అంటిస్తాను, కింద పడ్డ మనిషి చెయ్యికి అందేటట్టు. మోగే డబ్బా పైపోర్షన్‌లోనో పక్కింట్లోనో ప్లగ్గుకు పెడతాను. డబ్బా మీద వంద మీటర్లని రాసి ఉంటుంది, అది ఖాళీ జాగాలో మాట, స్లాబు, రెండు గోడలు అడ్డమొస్తే సగం కూడా పోదు, అందుకే పెట్టాక ఇద్దరినీ రెండు చోట్లా నిలబెట్టి నొక్కించి చూస్తాను. నెట్ లేకపోయినా మోగుతుంది. మోగినప్పుడు లేచి వచ్చేది పక్కింటి మనిషి.

దీనికి ఎదురుగా ఇంకోటి చూడండి. ఒక ఎన్నారై అబ్బాయి మెడలో వేసుకునే ఎమర్జెన్సీ బటన్, దాంతోపాటు ఏడాది చందా కట్టి ఒక కంపెనీ దగ్గర కొన్నాడు. తల్లికి అర్థమయ్యేలా చూపించమంటే నేను పోయి ట్రయల్ నొక్కించాను. కాల్ వేరే రాష్ట్రంలో ఉన్న సెంటర్‌కు పోయింది. అక్కడి అమ్మాయి ఇంగ్లీషులో, తర్వాత హిందీలో సమస్య ఏమిటని అడిగింది. తల్లి నా మొహం చూసింది. తర్వాత వాళ్లు చేసిన పని కొడుకుకు ఫోన్ చెయ్యడం. అక్కడ తెల్లవారుజాము. కొడుకు నాకు ఫోన్ చేశాడు. నేను ఆమె పక్కనే కూర్చుని ఎత్తాను.

మాటలు వినే స్పీకర్ల సంగతి వేరే తమాషా. అలెక్సాకు మన దేశంలో ఇంగ్లీషు, హిందీ వచ్చు, తెలుగు ఇంకా రాదు. ఫోన్‌లోని గూగుల్ అసిస్టెంట్ తెలుగు అర్థం చేసుకుంటుంది గానీ మన వరంగల్ తెలుగు దానికి అన్నిసార్లూ ఎక్కదు. అందుకని నేను స్పీకర్ వద్దనేవాణ్ణి. కానీ కాజీపేట దర్గా వైపు ఒక తాత ఉన్నాడు, తొంభై దగ్గర పడ్డాయి, నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువు మొదలుపెట్టిన మనిషి. మనవరాలు స్పీకర్ పంపిస్తే, "అలెక్సా, దవా కా టైమ్ యాద్ దిలా" అని మొదటి రోజే దాన్ని లైన్‌లో పెట్టాడు. ఇప్పుడు పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి అది గుర్తుచేస్తుంది, ఈయన "హో గయా" అని దాన్ని కసురుతాడు. అది గుర్తు మాత్రమే చేస్తుంది, మాత్ర వేసుకున్నాడో లేదో దానికి తెలియదు. కాబట్టి వారానికి సరిపడా గళ్లు ఉండే మాత్రల డబ్బా పక్కన ఉండాల్సిందే, లేకపోతే గుర్తు చేసిన ప్రతిసారీ ఒక డోసు వేసుకునే ప్రమాదం కూడా ఉంది. ఇంకోమాట, అలెక్సా స్పీకర్ 108కో 112కో నేరుగా ఫోన్ చెయ్యదు. ఇంట్లోవాళ్ల నంబర్లకు కలుపుతుంది, దాన్నే ముందుగా సెట్ చేసి ఉంచాలి.

ఇక నా సొంత డిపార్ట్‌మెంట్, కరెంటు, నెట్. ఇవి లేకపోతే పైన చెప్పిన స్మార్ట్ వస్తువుల్లో చాలావరకు షోకేసులో పెట్టుకోవడానికే. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. ముందు రూటర్ ఉన్న ప్లగ్గు ఇన్వర్టర్ లైన్ మీద ఉందో లేదో చూడండి, చాలా ఇళ్లలో ఫ్యాన్లు, లైట్లే ఉంటాయి. ఉన్నా కూడా కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో ఫ్యానుకు ఏమీ కాదు గానీ రూటర్ ఆఫ్ అయిపోతుంది, మళ్లీ లేచి నెట్ పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు. చాలా ఇన్వర్టర్లకు వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అటు మార్చండి, లేదా రూటర్‌కు విడిగా చిన్న యూపీఎస్ పెట్టండి. రూటర్ రెండు రకాల వైఫై ఇస్తుంది, స్మార్ట్ ప్లగ్గులు, బల్బులు ఎక్కువగా అందులో 2.4 గిగాహెర్ట్జ్ దానికే కలుస్తాయి, ఐదు గిగాహెర్ట్జ్ పేరు మీద ఎంత వెతికినా దొరకవు. నెట్ అబ్బాయి వచ్చి రూటర్ మార్చినప్పుడు పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే పెట్టమని చెప్పండి, అప్పుడు ఇంట్లో ఉన్న వస్తువులన్నీ వాటంతట అవే కలుస్తాయి. లేదంటే అన్నీ ఒక్కసారే మూగబోతాయి, డల్లాస్‌లో యాప్ ఆఫ్‌లైన్ అని చూపించగానే మళ్లీ నాకు ఫోన్. అకౌంట్ కూడా అమెరికా నంబర్ మీద తెరవద్దు, ఓటీపీ అక్కడికి పోయి, ఇక్కడ నేను స్టూల్ మీద నిలబడి వాళ్లు నిద్ర లేచేదాకా చూడాలి. ఇంటి పేరు మీద ఒక మెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ పిల్లల దగ్గర ఒకటి, ఇక్కడ బీరువాలో కాగితం మీద ఒకటి ఉంచండి. మీ కెమెరా అప్‌డేట్ చెయ్యాలి, ఓటీపీ చెప్పండి అని ఫోన్ వస్తే పెట్టెయ్యమని పెద్దవాళ్లకు చెప్పండి. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930.

కోతుల గురించి రాయకపోతే హన్మకొండ గురించి రాసినట్టే కాదు. ఫైబర్ కేబుల్ పట్టుకుని ఊగుతాయి, తెంపుతాయి, కెమెరా మూతి గోడవైపు తిప్పుతాయి. వైరు పైపులో వెయ్యండి. కోతులను మించిన రోజులు కూడా ఉంటాయి. 2023 జులై ఆఖరులో వానకు నయీంనగర్ నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు, మళ్లీ 2025 అక్టోబర్‌లో మొంథా తుఫానుకు, కరెంటు లేదు, నెట్ లేదు, కొన్ని చోట్ల ఫోన్ సిగ్నలే లేదు. కింద పోర్షన్ పెద్దవాళ్లను భుజాల మీద పైకెక్కించింది పైన కిరాయికున్న పిల్లలే. అందుకే కిరాయికి ఇచ్చేటప్పుడు రెండువేలు తక్కువొచ్చినా మనిషిని చూసి ఇవ్వమంటాను.

డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడటం గురించి కూడా అడుగుతున్నారు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రిజిస్టరైన డాక్టర్ వీడియోలో, ఫోన్‌లో, వాట్సాప్‌లో కూడా చూసి మందులు రాయొచ్చు. ముందు నుంచి చూస్తున్న పేషెంట్ అయితే పాత మందులు కొనసాగించడం సులువు. మనిషిని ఎదురుగా చూడాల్సిందే అనుకుంటే రమ్మనే హక్కు ఆయనకు ఉంది, దానికి కోపం తెచ్చుకోవద్దు. ఆల్‌ప్రజోలం లాంటి నిద్రమాత్రలు ఆ పద్ధతిలో రాయకూడదు, నిబంధన అది. డాక్టర్‌తో ఆన్‌లైన్‌లో మాట్లాడించే ప్రభుత్వ ఈ-సంజీవని ఉచితం, ఫోన్ చేతకానివాళ్లు ఊళ్లలో పల్లె దవాఖానకు పోతే అక్కడి సిబ్బందే వీడియోలో పెద్ద డాక్టర్‌తో కలుపుతారు, బీపీ, షుగర్ కూడా అక్కడే చూస్తారు. మా అమ్మ ఉండేది నర్సంపేట దగ్గర ఊళ్లో, ఆమెకు ఇదే అలవాటు చేశాను. ఇంట్లో ఒక్క మిషన్ కూడా పెట్టనియ్యదు, "ఆశా బిడ్డ ఒస్తది, చూస్తది, గంతే" అంటుంది. ఆశా కార్యకర్త నంబర్ నా ఫోన్‌లో పైనే ఉంటుంది. పెద్దవాళ్లకు మాట సాయం, సలహా కావాలంటే 14567 ఉచిత నంబర్ కూడా ఉంది, రాసి ఫ్రిజ్ మీద అంటించండి, పెద్ద అక్షరాలతో, 108 పక్కన.

రేట్లు అడుగుతూ మెసేజ్‌లు పెడుతున్నవాళ్లకు ఒకేసారి చెప్తున్నాను. బీపీ మిషన్, గ్లూకోమీటర్, సెన్సార్ బల్బులు, వైర్‌లెస్ బెల్, బాత్రూం పట్టీ, రూటర్ యూపీఎస్, ఇవన్నీ కలిపినా మీరు పంపే కార్ట్‌లో ఒక్క వాచ్ ధర రాదు. నా కూలీ వేరు. తాళంచెవి ఎవరికి ఇచ్చారో ఆ మనిషి నంబర్ నాకు పంపితేనే పనికి వస్తాను, ఇది కొత్త రూలు. బెల్ బటన్‌లో, సెన్సార్ బల్బుల్లో బ్యాటరీలు దసరాకు ఒకసారి, ఉగాదికి ఒకసారి మార్చాలి, బీపీ మిషన్‌లోవి కూడా, తగ్గిపోయిన బ్యాటరీతో అది మధ్యలోనే ఆగిపోతుంది. దసరాకు పిల్లలు ఎలాగూ ఇంటికొస్తారు, స్టూలెక్కే పని వాళ్లకే పెట్టండి, పెద్దవాళ్లను ఎక్కనియ్యొద్దు.